మట్టికుండలలో దాగిన గ్రంథములు

చదువవలసిన వాక్యభాగములు: యిర్మీయా 32:6–15, యిర్మీయా 36వ అధ్యాయము, యెషయా 40:1–8



గడచిన వేసవిలో ఒక సాయంకాలము మేము గృహదర్శనమునకు వెళ్లినప్పుడు, మన సంఘములోని ఒక మామ్మగారు చాప పరచి మమ్మును కూర్చుండబెట్టి, ప్రార్థన మొదలుపెట్టక మునుపే కంట తడిపెట్టుకొనిరి. “అయ్యగారూ, మన బైబిల్ని ఎవులో మార్చీసినారట. అసలుది గుహలో దొరికిందట. మా మనవడు ఫోనులో చూపించినాడు. ఇన్నాళ్లూ నాను చదివించుకున్నది దేవుని మాట కాదేటి?” అని అడిగిరి. ఆమెకు చదువు రాదు. ఇతరులచేత చదివించుకొని, విన్నదానిని హృదయమందు దాచుకొనిన తల్లి ఆమె. మనుమడు విశాఖపట్టణములో చదువుకొనుచున్నాడు. కొంతకాలమునుండి అతడు ఆరాధనకు వచ్చుట మానివేసెను.

ఆ బాబును పిలిచి మాటలాడితిమి. అతడు మర్యాదగానే, “అయ్యగారూ, మృతసముద్రపు చుట్టలలో ఒక్క పొల్లు కూడా తేడా లేదని క్రిస్మసు కూటములో మీరే చెప్పినారు కదా. మరి గొల్యాతు ఎత్తు వాటిలో వేరేగా ఉందట. ఏది నిజం?” అని అడిగెను. మాకు వెంటనే జవాబు దొరకలేదు. మేము కూటములో చెప్పిన మాట మరియొక బోధకుని నోట విన్నదే గాని మేము పరీక్షించి తెలిసికొన్నది కాదు. ఇంటికి వచ్చి, వేదపాఠశాలనాటి పుస్తకములు దించి, క్రొత్తవి కొన్ని తెప్పించి చదివితిమి. ఆ చదువు ఫలమే ఈ పాఠము. మా తప్పు దిద్దుబాటు కూడ ఇందులో ఉన్నది.

1. గుహలలో దొరికిన చుట్టలు

మన ప్రాంతములో చుట్ట యనగానే పొగాకు చుట్టయే జ్ఞాపకమునకు వచ్చును. కాని యిర్మీయా 36వ అధ్యాయములో బారూకు చేత పట్టుకొనినది పుస్తకపు చుట్ట. తోలు ముక్కలను ఒకదానితో నొకటి కుట్టి, వాటిమీద సిరాతో వ్రాసి, చాపవలె చుట్టి ఉంచెడివారు. మన పెద్దలకు తాటాకు గ్రంథమెట్టిదో, యూదులకు తోలుచుట్ట అట్టిది.

1946 చివరనో 1947 మొదటనో, మృతసముద్రమునకు వాయవ్యముననున్న కుమ్రాను కొండలయొద్ద తామిరే తెగకు చెందిన అరబ్బు కాపరులు మందలను మేపుచుండిరి. వారిలో ఒకడు కొండలోని రంధ్రములోనికి రాయి విసరగా లోపల కుండ పగిలిన చప్పుడైనది. లోపలికి దూరి చూడగా పొడవైన మట్టికుండలును, వాటిలో తోలుచుట్టలును కనబడెను. ఆ మొదటి గుహనుండి వచ్చిన ముఖ్యమైన చుట్టలు ఏడు. వాటిని బేత్లెహేములోని ఒక వర్తకునికి చేర్చిరి. అతడు చెప్పులు కుట్టు పనియు చేయువాడు. నాలుగు చుట్టలను యెరూషలేములోని సిరియను మఠపు అధ్యక్షుడు అతనాసియసు శామ్యూలు కొనెను. మూడింటిని హెబ్రీ విశ్వవిద్యాలయపు పండితుడు సుకెనిక్ కొనెను. 1948 ఫిబ్రవరిలో జాన్ ట్రెవరను అమెరికా పండితుడు మఠమువారి చుట్టలకు ఫోటోలు తీసెను. ఆ ఫోటోలు చూచిన విద్వాంసుడు ఆల్‌బ్రైట్, ఇవి క్రీస్తు పూర్వపు వ్రాతలని గుర్తించెను.

1954లో ఆ నాలుగు చుట్టలును అమెరికాలోని ఒక వార్తాపత్రికలో, ఇల్లు అమ్మకము ప్రకటనవలె, అమ్మకమునకు ప్రకటింపబడినవి. సుకెనిక్ కుమారుడు యాదీను 2,50,000 డాలర్లకు అవి తన దేశమునకు చేరునట్లు చేసెను. నేడవి యెరూషలేములో, 1965లో తెరచిన ప్రత్యేక మందిరమున ఉన్నవి. ఆ మందిరపు పైకప్పును చుట్టలు దొరికిన కుండ మూతవలె కట్టిరి.

1956 నాటికి 11 గుహలలో వ్రాతలు దొరికినవి. 1952లో కనుగొన్న నాలుగవ గుహలో సుమారు 15,000 తునకలు లభించినవి. కొన్ని తునకలు గోరంతయే. అన్నిటిని కూర్చి చూడగా తొమ్మిది వందల గ్రంథప్రతులకు పైబడి తేలినవి. వాటిలో రెండు వందలకు మించి పాతనిబంధన పుస్తకముల ప్రతులు. ఎస్తేరు గ్రంథము తప్ప పాతనిబంధనలోని హెబ్రీ పుస్తకములన్నిటికిని ఏదో ఒక భాగము దొరికినది. మిగిలినవి ప్రార్థనలు, కీర్తనలు, వ్యాఖ్యానములు, ఒక యూదా సమాజపు నియమములు.

ఇన్ని యేండ్లు అవి ఎట్లు నిలిచినవి? మన తీరములో తాటాకు గ్రంథమునకు తేమ ఒక శత్రువు, చెదలు మరియొక శత్రువు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు తడిసిన బైబిళ్లను, పాటల పుస్తకములను మనము వాకిట ఆరబెట్టుకొనిన సంగతి మరచిపోలేదు గదా. మృతసముద్రపు ప్రదేశము సముద్రమట్టమునకు 400 మీటర్లకు పైగా దిగువనుండి, వానలేని ఎండునేల. అందుచేత తోలు చివికిపోక నిలిచెను. యిర్మీయా 32:14 చూడుడి. పొలపు క్రయపత్రములు బహుకాలము నిలుచునట్లు మట్టికుండలో ఉంచుమని దేవుడు ప్రవక్తకు సెలవిచ్చెను. ఆ దేశపువారు విలువైన వ్రాతను ఎట్లు దాచెడివారో ఈ గుహలలో మనము కన్నులార చూచుచున్నాము.

2. వయస్సు నెట్లు నిర్ణయించిరి?

“ఇది రెండువేల యేండ్ల నాటిదని ఎట్లు తెలియును?” అని అడుగుట అవిశ్వాసము కాదు. మన శ్రీకాకుళము సీమలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు శ్రీముఖలింగ దేవాలయపు శాసనములను తామే శ్రమించి చదువ నేర్చుకొనిరి. కాలము మారినకొలది అక్షరపు రూపు మారును. ఏ తలకట్టు ఏ శతాబ్దమునాటిదో ఎరిగినవాడు రాతిని చూచి కాలము చెప్పగలడు. హెబ్రీ అక్షరములును అట్టివే. పండితులు మొదట అక్షరముల రూపును బట్టి కాలము కట్టిరి. తరువాత చుట్టలకు చుట్టిన నారబట్టలోను, తోలులోను ఉన్న కార్బనును ప్రయోగశాలలలో పరీక్షించిరి. రోలాండ్ డివో అను ఫ్రెంచి మతగురువు 1951 మొదలు 1956 వరకు కుమ్రాను శిథిలములను త్రవ్వి, అచ్చటి నాణెములను, కుండలను పరిశీలించెను. ఈ సాక్ష్యములు కలిసివచ్చినవి. చుట్టలు క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దము మొదలుకొని క్రీస్తు తరువాత మొదటి శతాబ్దము వరకు వ్రాయబడినవి. అనగా వాటిలో కొన్ని మన ప్రభువు ఈ లోకమున సంచరించిన దినములనాటివే.

ఇక ప్రతిని ప్రతితో పోల్చుట. ఇదియు మనకు క్రొత్త కాదు. సి. పి. బ్రౌను దొరగారు వేమన పద్యముల వ్రాతప్రతులను పలు చోట్లనుండి సేకరించి, పండితులచేత పోల్చి చూపించి, 1829లో అచ్చు వేయించిరి. ఒక్కొక్క తాటాకు ప్రతిలో ఒక్కొక్క తేడా. తేడాలున్నవి గనుక వేమన లేడని ఎవరును అనలేదు. తేడాలను దాచి పెట్టిన పనియు జరుగలేదు. పలు ప్రతులను ఎదురెదురుగా పెట్టుటయే సరియైన పాఠమును చేరు మార్గము.

3. మన తీరము మీదుగా వెళ్లిన ఒక అన్వేషకుడు

యూదుల వ్రాతప్రతులను వెదకు పనిలో మన దేశమునకును పాలున్నది. కలకత్తాలో కంపెనీవారి మతగురువుగా ఉన్న క్లాడియసు బుకానను 1806లో కలకత్తా విడిచి, పూరీ చూచి, భూమార్గమున దక్షిణమునకు ప్రయాణమాయెను. పూరీనుండి మద్రాసుకు పోవు బాట మన కోస్తా బాటయే. ఆ దినములలోనే విశాఖపట్టణములో లండను మిషనువారైన జార్జి క్రాను, అగస్టసు డెగ్రాంజెసు దొరలు తెలుగులో సువార్తలను తర్జుమా చేయు ప్రయాసలో ఉండిరి. వారు 1805లో అచ్చటికి వచ్చిరి. బ్రాహ్మణ కులమునుండి క్రీస్తును నమ్మిన ఆనందరాయరు వారికి తోడైరి. ఆ తర్జుమాలోని మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సీరాంపూరులో అచ్చాయెను. అప్పటికి ఆ దొరలిద్దరును మరణించి యుండిరి.

బుకానను మలబారు చేరి, అచ్చటి యూదులయొద్ద ధర్మశాస్త్రపు పాత చుట్టనొకదానిని సంపాదించెను. ఎఱ్ఱ రంగు వేసిన మేకతోళ్లు 37 కుట్టిన చుట్ట అది. పొడవు 48 అడుగులు. లేవీయకాండమును, ద్వితీయోపదేశకాండములో చాల భాగమును లోపించినవి. అతడు దానిని ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకిచ్చెను. థామసు యేట్సు అను పండితుడు దానిని అచ్చు హెబ్రీ బైబిలుతో అక్షరమక్షరము పోల్చి 1812లో ఫలితము ప్రకటించెను. కనబడిన తేడాలు సుమారు నలుబది చిన్నవి. ఆ చుట్ట మృతసముద్రపు చుట్టలంత పాతది కాదు. అయినను సముద్రములు దాటి వచ్చి మలబారులో స్థిరపడిన యూదులు ధర్మశాస్త్రమును ఎంత జాగ్రత్తతో కాపాడిరో అది తెలుపుచున్నది.

4. తేడాలు ఉన్నవా?

ఉన్నవి. దాచవలసిన పని లేదు.

మృతసముద్రపు చుట్టలు దొరకకముందు మనకు తెలిసిన పాతనిబంధన హెబ్రీ ప్రతులలో మిక్కిలి ముఖ్యమైనవి అలెప్పో ప్రతి, లెనిన్‌గ్రాడు ప్రతి. మొదటిది సుమారు 930వ సంవత్సరపుది, రెండవది సుమారు 1008వ సంవత్సరపుది. మొదటి గుహలోని పెద్ద యెషయా చుట్ట క్రీస్తుకు పూర్వము సుమారు నూరు సంవత్సరముల నాటిది. 17 తోళ్లు, 54 వరుసలు, 24 అడుగుల పొడవు. యెషయా 66 అధ్యాయములును అందులో ఉన్నవి. అనగా ఒక్క దొరకుటతో పండితులు వెయ్యి సంవత్సరములు వెనుకకు వెళ్లగలిగిరి. అచ్చట ఎదురైనది మనమెరిగిన యెషయాయే. నీటివలె పారిన కన్నీరు, ఓదార్పు, బాధననుభవించు సేవకుడు, రక్షణ, అన్నియు ఉన్నవి.

చిన్న తేడాలు మాత్రము వేలకొలది కలవు. వాటిలో ఎక్కువ భాగము వర్ణక్రమపు తేడాలే. మనలో ఒకడు దేవుడనును, ఒకడు దేముడనును. పిలిచినది ఒకరినే గదా. మరికొన్ని చోట్ల మాట పోయినది. ఆరవ అధ్యాయములో దూతలు ముమ్మారు పలికిన పరిశుద్ధుడను మాట ఆ చుట్టలో రెండు మారులే ఉన్నది. కొన్ని చోట్ల పాత చుట్టయే మనకు సహాయము చేయుచున్నది. యెషయా 53:11లో సేవకుడు వేదన తరువాత వెలుగును చూచునను మాట కుమ్రాను ప్రతులలో ఉన్నది. ప్రాచీన గ్రీకు తర్జుమాలోను ఉన్నది.

145వ కీర్తన హెబ్రీ అక్షరమాల వరుసలో కట్టబడినది. మన పిల్లలు అ ఆలు చెప్పునప్పుడు ఒక అక్షరము విడిచిన తల్లి వెంటనే పట్టుకొనును. ఆ విధముగానే ఆ కీర్తనలో ‘న’ అక్షరపు వచనము లేదని చదువరులు బహుకాలముగా ఎరుగుదురు. 1956లో పదునొకండవ గుహలో దొరికిన కీర్తనల చుట్టలో ఆ వచనము హెబ్రీలో కనబడెను. దాని భావమేమి? దేవుడు తన మాటలన్నిటిలోను నమ్మదగినవాడని.

ఇక గొల్యాతు సంగతి. మన బైబిలులో అతని ఎత్తు ఆరు మూరల మీద జేనెడు. నాలుగవ గుహలోని సమూయేలు ప్రతిలో నాలుగు మూరల మీద జేనెడు. ప్రాచీన గ్రీకు ప్రతులును అట్లే చెప్పుచున్నవి. నాలుగు మూరల జేనెడనగా సుమారు ఆరున్నర అడుగులు. దావీదు ప్రక్కన నిలిచిన ఆ మనుష్యుడు అప్పటికిని భయంకరుడే. ఏది మొదటి పాఠమో పండితులు వాదించుచున్నారు. దావీదుకు జయమిచ్చినది ఎవరో ఆ మూరలనుబట్టి మారదు.

యిర్మీయా గ్రంథము తేడా ఇంకను పెద్దది. గ్రీకు తర్జుమాలో ఆ గ్రంథము సుమారు ఎనిమిదవ వంతు పొట్టిది. కుమ్రానులో పొట్టి హెబ్రీ పాఠపు తునకయు దొరికెను, పొడవు పాఠపు తునకలును దొరికెను. ఇది వినగానే కలవరపడవద్దు. యిర్మీయా 36వ అధ్యాయమును చివరివరకు చదువుడి. రాజు మొదటి చుట్టను చాకుతో కోసి నిప్పులో వేసిన తరువాత బారూకు రెండవ చుట్ట వ్రాసెను. దానిలో మరి యనేక మాటలు చేర్చబడెనని వాక్యమే సాక్ష్యమిచ్చుచున్నది. గ్రంథము ఒకమారు కంటె ఎక్కువగా వ్రాయబడినదని బైబిలు దాచలేదు. మనమెందుకు దాచవలెను?

5. రెండు అబద్ధములు

ప్రియులారా, ఈ విషయమందు రెండు అబద్ధములు తిరుగుచున్నవి. బైబిలునంతయు మార్చివేసిరన్నది ఒకటి. చుట్టలు దానిని ఖండించుచున్నవి. ఏన్‌గెదీలో 1970లో దొరికి, తాకితే పొడియగు ఒక కాలిన చుట్టను 2015లో విప్పకుండనే యంత్రముల సహాయముతో చదివిరి. అది లేవీయకాండపు ఆరంభము. అందులోని హల్లులు నేటి హెబ్రీ బైబిలులో ఉన్నవే. ఒక్క పొల్లయినను మారలేదన్నది రెండవ అబద్ధము. దీనిని మేమే సంఘము ఎదుట పలికితిమి. పలికినది తప్పని ఇచ్చట ఒప్పుకొనుచున్నాము.

మరికొన్ని వదంతులును కలవు. చుట్టలలో యేసు ప్రభువు పేరు ఉన్నదని కొందరందురు. లేదు. అవి యూదుల గ్రంథములు. ప్రభువు పుట్టిన లోకమెట్టిదో మనకు చూపును గాని ఆయన చరిత్ర వాటిలో లేదు. చుట్టలను సంఘము దాచిపెట్టెనని మరికొందరందురు. పండితులు కొందరు తునకలను ఇతరులకు చూపక చాల ఆలస్యము చేసిన మాట నిజమే. కాని 1991లో కాలిఫోర్నియాలోని హంటింగ్‌టన్ గ్రంథాలయము ఫోటోలను అందరికి తెరచినది. నేడు ఆ తునకల చిత్రములను ఫోనులోనే చూడవచ్చును. దొంగ తునకలును బయలుదేరినవి. వాషింగ్టనులోని బైబిలు మ్యూజియములో ఉంచిన 16 తునకలును నకిలీలేయని 2020లో పరీక్షలు తేల్చినవి. భక్తిగలవారు ఆశతో కొన్నంత మాత్రమున తునక నిజమైనది కాదు. సమస్తమును పరీక్షించుమని అపొస్తలుడు చెప్పిన మాట ఇచ్చటను వర్తించును.

6. అంచున వ్రాసిన మాట

చివరకు ఒక్క సంగతి చెప్పి ముగింతుము. పెద్ద యెషయా చుట్టలో 40వ అధ్యాయమునొద్ద వ్రాయసకాడు పొరపాటు చేసెను. గడ్డి ఎండును, పువ్వు వాడును, దేవుని వాక్యము నిలుచునను చోట ఒకే విధమైన మాటలు రెండుమారులు వచ్చును. అతని కన్ను మొదటిదానినుండి రెండవదానికి దూకెను. నడుమ మాటలు పోయినవి. తరువాత మరియొకరి చేయి పోయిన మాటలను పంక్తుల నడుమను, అంచునను వ్రాసి చేర్చెను. ఆ దిద్దుబాటు నేటికిని కనబడుచున్నది.

దేవుని వాక్యము నిత్యము నిలుచునని వ్రాయుచున్న చోటనే మనుష్యుని చేయి తప్పెను. మరియొక మనుష్యుని చేయి దిద్దెను. దేవుడు తన వాక్యమును దేవదూతల చేతికి గాక మనుష్యుల చేతికే అప్పగించెను. కన్ను మసకలు క్రమ్మిన వ్రాయసగాండ్రకు, కాపరులకు, చెప్పులు కుట్టు వర్తకునికి, ఆనందరాయరుకు, చదువు రాని మామ్మగారికిని అప్పగించెను. మన నమ్మిక వ్రాయసగాండ్రు తప్పరనుటమీద నిలువలేదు. మాట యిచ్చినవాడు నమ్మదగినవాడనుటమీద నిలిచియున్నది.

ఈ సంగతులన్నియు మేము ఆ ఇంటికి మరల వెళ్లి చెప్పితిమి. మామ్మగారు కుండ మాట విని, “మా అత్త కూడా కాగితాలు కుండలోనే దాసీది” అని నవ్విరి. మనుమడు మాత్రము నవ్వక, “మీరు తప్పు ఒప్పుకుంటారని నేననుకోలేదండి” అనెను. అతడింకను క్రమముగా ఆరాధనకు వచ్చుటలేదు. అయితే సెలవులకు వచ్చినప్పుడు మామ్మగారికి దినమునకొక అధ్యాయము చదివి వినిపించుచున్నాడు. చదువుచు ప్రశ్నలు అడుగుచున్నాడు. అతనికొరకును, అట్టి పిల్లలందరికొరకును ప్రార్థించుడి. వారు అడిగినప్పుడు కోపింపకుడి.

కుటుంబ ప్రార్థనలో మాటలాడుకొనవలసిన ప్రశ్నలు

1. యిర్మీయా క్రయపత్రములను కుండలో ఎందుకు దాయించెను? ఆ దినమున దేశపు స్థితి యేమి?
2. రాజు కాల్చిన చుట్టకును, బారూకు మరల వ్రాసిన చుట్టకును తేడా యేమి?
3. మనము పరీక్షింపక ఇతరులకు చెప్పిన మాట ఏదైన ఉన్నదా? దానిని ఎట్లు దిద్దుకొందుము?
4. మన ఇంటిలో చదువు రానివారికి ఈ వారము వాక్యము ఎవరు చదివి వినిపింతురు?